మన కొండ రేకు ఎలా అవుతుందో మనకే తెలియాలి

(ఆదివాసీ యువత శిక్షణా తరగతిలో మాట్లాడిన మాటలు ఇవి. ఆ రోజు రాలేకపోయిన మిత్రులు అడిగితే రాసి పెడుతున్నాను.)



మిత్రులారా, నన్ను కూడా చట్టాల గురించే మాట్లాడమన్నారు. కానీ 1/70 గురించి, పీసా గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఇక్కడే కూర్చుని ఉన్నారు. నేను చదివింది మెటలర్జీ, అంటే లోహాల చదువు. అందుకే ఈ రోజు ఒక రేకు గురించి మాట్లాడతా. అల్యూమినియం రేకు. మన ఇంట్లో సిల్వర్ గిన్నె అంటాం, కొన్ని ఊళ్లలో సత్తు గిన్నె అంటాం. అది పుట్టేది ఈ రేకులోంచే. బస్సు బాడీ ఈ రేకే, ఇంటి పైకప్పు ఈ రేకే, విమానం రెక్క కూడా ఈ రేకే.

దీని గురించి ఎందుకు మాట్లాడాలి అంటారా? చెప్తా.

చదువు అయిపోయి ఇంటికొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం మా ఊళ్లో పెద్దోళ్లంతా కూర్చుని ఉన్నారు. బాక్సైట్ మాట వచ్చింది. మా వరసకి తాతయ్యే ఒకాయన నన్ను పిలిచి అడిగాడు. "ఒరే, నువ్వు ఇనుము సదువు సదివినోడివి గదా. ఆళ్లు మన కొండ తవ్వి ఏటి సేత్తార్రా?" అల్యూమినియం చేస్తారు తాతా అన్నాను. "అదేటి?" అన్నాడు. సిల్వర్ గిన్నెలు చేస్తారు కదా, అదే అన్నాను. తాత నవ్వాడు. "గిన్నెల కోసం కొండెందుకురా? సంతలో బోలెడున్నాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగేళ్లు చదివాను, పరీక్షలు రాశాను, పాసయ్యాను. మా తాత అడిగిన ఒక్క ప్రశ్నకి ఆయనకి అర్థమయ్యేలా జవాబు చెప్పలేకపోయాను.

ఇంకో ప్రశ్న ఈ మధ్య కాలేజీలో చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, మా క్లాసులో ఒకడు అన్నాడు, మీరు సిల్వర్ గిన్నెలో వండుకుంటారు, సెల్‌ఫోన్ వాడతారు, బస్సెక్కుతారు, మళ్లీ బాక్సైట్ వద్దంటారు, ఇదేం న్యాయం అని. నాకేం చెప్పాలో తెలియలేదన్నా." ఆ తమ్ముడు సిగ్గుపడి అడిగాడు. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు అది. మీలో చాలామందికి ఇదే ప్రశ్న ఎదురై ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పడానికే ఈ మాటలు.

మొదట కొండలో ఏముందో చూద్దాం. మన గాలికొండ, రక్తకొండ, జెర్రెల, అటు ఒడిశాలో నియమగిరి, పంచపట్‌మాలి. ఈ తూర్పు కనుమల కొండలకి పైన టోపీలా ఒక పొర ఉంటుంది. కింద ఖొండలైట్ అనే రాయి. కొందు ప్రజల పేరు మీదే ఆ రాయికి పేరు పెట్టారు, గుర్తుంచుకోండి. లక్షల ఏళ్ల వానలు ఆ రాయిలోని మిగతావాటిని కడిగేయగా పైన మిగిలిన పొరే బాక్సైట్. అది రంధ్రాలు రంధ్రాలుగా ఉంటుంది. వాన నీటిని పీల్చుకుని మెల్లగా కిందికి వదులుతుంది. మన ఊటలు వేసవిలో కూడా పారడానికి ఆ పొర సాయం ఉంది. అంటే వాళ్లకి ఖనిజం అయినది మనకి నీళ్ల కుండ.

బాక్సైట్ నుంచి నేరుగా లోహం రాదు. దాన్ని పొడి చేసి, కాస్టిక్ సోడాలో వేడిమీద ఉడికిస్తే తెల్లటి పొడి వస్తుంది. అది అల్యూమినా. మిగిలేది ఎర్ర బురద. అది ఊరికే బురద కాదు, క్షారం ఉన్న బురద. 2010లో హంగరీ దేశంలో అయ్‌కా దగ్గర ఆ బురద నిల్వ చేసిన కట్ట తెగి ఊళ్ల మీద పడి పది మంది చనిపోయారు. తర్వాత అల్యూమినాని క్రయోలైట్ అనే లవణం కరిగిన తొట్టిలో, 950 డిగ్రీలు దాటిన వేడిలో వేసి, దాని గుండా కరెంటు పంపితే అప్పుడు లోహం విడిపోతుంది. ఈ పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ అనే ఇద్దరు కుర్రాళ్లు విడివిడిగా కనిపెట్టారు. ఇద్దరికీ అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. మన వయసే. ఈనాటికీ ప్రపంచమంతా అదే పద్ధతి.

టన్ను అల్యూమినియం కావాలంటే కనీసం 4 టన్నుల బాక్సైట్ కావాలి. దాదాపు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. అందుకే ఎక్కడ కరెంటు చవగ్గా దొరికితే స్మెల్టర్ అక్కడ పెడతారు. హిరాకుడ్ డ్యామ్ పక్కన 1959లో స్మెల్టర్ వచ్చింది. రిహాండ్ డ్యామ్ కరెంటు చూసుకుని రేణుకూట్‌లో 1962లో వచ్చింది. మన పక్కనున్న నాల్కో చూడండి. గని పంచపట్‌మాలిలో, అల్యూమినా తీసేది దామన్‌జోడిలో, స్మెల్టర్ మాత్రం బొగ్గు ఉన్న అంగుల్‌లో. అమ్మే అల్యూమినా రైల్లో విశాఖ పోర్టుకి దిగుతుంది. ఒకే లోహం, నాలుగు ఊళ్లు. ఈ ప్రయాణాన్ని మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఇప్పుడు అసలు సంగతి, రేకు.

నేను ఒక రోలింగ్ మిల్లులో పద్నాలుగు నెలలు ట్రైనీగా పనిచేశాను. పేరు చెప్పను, అవసరం లేదు. అక్కడ చూసిందే చెప్తా.

మొదటిది కరిగించడం, పోత పోయడం. శుద్ధమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ శుద్ధమైనది మెత్తన. చేత్తో వంచితే వంగిపోతుంది. అందుకే వేరే లోహాలు కలుపుతారు. దాన్నే మిశ్రమ లోహం అంటాం. వంట గిన్నెల రేకుకి ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ మాంగనీసు. ఓడలకి, పడవలకి మెగ్నీషియం. విమానాలకి రాగి, లేదా జింకు. కారు పైరేకుకి మెగ్నీషియం, సిలికాన్ రెండూ. కూరలో ఉప్పు ఎంత అన్నది ఎంత ముఖ్యమో ఇక్కడ ఆ శాతం అంత ముఖ్యం. కొంచెం తేడా వస్తే ఆ ఫర్నేసు లోహం మొత్తం పనికిరాదు.

కరిగిన లోహంలో రెండు శత్రువులుంటాయి. ఒకటి పైన తేలే తెట్టు, రెండోది లోపల కరిగి ఉన్న హైడ్రోజన్ గాలి. తెట్టుని గీకి తీస్తారు. హైడ్రోజన్‌ని తీయడానికి ఆర్గాన్ వాయువు బుడగలు పంపుతారు. తీయకపోతే లోహం గడ్డకట్టేటప్పుడు లోపల సన్నని రంధ్రాలు పడతాయి, ఆ రేకు తర్వాత పొక్కులు లేస్తుంది. చివరికి పింగాణీ జల్లెడ లాంటి ఫిల్టర్ గుండా వడగడతారు.

పోత పోసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. అడుగు లేని చట్రం ఒకటి ఉంటుంది, చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. దాని కింద ఒక దిమ్మె అడుగులా అమరి ఉంటుంది. పైనుంచి లోహం పోస్తారు. అంచులు గడ్డకట్టగానే దిమ్మె మెల్లగా కిందికి దిగుతుంది, బయటికొచ్చిన లోహం మీద నేరుగా నీళ్లు పడతాయి. నిమిషానికి కొన్ని సెంటీమీటర్లే. అలా దిగుతూ దిగుతూ అర మీటరు మందం, మీటరున్నర వెడల్పు, ఐదు మీటర్ల పొడవు ఉన్న దిమ్మ తయారవుతుంది. దాన్నే స్లాబ్ అంటారు. దాని బరువు దాదాపు 10 టన్నులు. ఈ 10 టన్నులు గుర్తుంచుకోండి.

రెండోది రోలింగ్. స్లాబ్ పైపొర గరుకుగా, మలినాలతో ఉంటుంది. ముందు ఆ పొరని రెండు వైపులా చెక్కేస్తారు. తర్వాత 500 డిగ్రీలకి పైన గంటల తరబడి వేడిలో ఉంచుతారు. కలిపిన లోహాలు ఒకచోట పోగుపడకుండా అంతటా సమానంగా పరుచుకోవాలని. ఆ వేడి మీదే హాట్ మిల్లుకి వెళ్తుంది. హాస్టల్లో మనం చపాతీలు ఒత్తాం కదా. ఒక్కసారి గట్టిగా నొక్కితే చిరుగుతుంది. అటూ ఇటూ తిప్పుతూ కొంచెం కొంచెం ఒత్తాలి. ఇక్కడా అంతే. రెండు పెద్ద ఉక్కు రోలర్ల మధ్య స్లాబ్ ముందుకి, వెనక్కి పోతుంటుంది. ప్రతిసారీ సందు తగ్గిస్తారు. అర మీటరు మందం కొన్ని మిల్లీమీటర్లకి దిగుతుంది. చాప చుట్టినట్టు చుట్టేస్తారు, దాన్ని కాయిల్ అంటారు.

చల్లారాక కోల్డ్ మిల్లు. ఇక్కడ మందం మిల్లీమీటరుకి, ఇంకా తక్కువకి వస్తుంది. చల్లగా ఒత్తిన కొద్దీ లోహం గట్టిపడుతుంది, పెళుసవుతుంది. మళ్లీ 350 డిగ్రీల చుట్టూ కాస్త వేడి చేస్తే మెత్తబడుతుంది. దీన్ని అనీలింగ్ అంటారు. గిన్నెల రేకు కథ ఇక్కడితో అయిపోతుంది. ఆ రేకుని గుండ్రంగా కోసి సర్కిళ్లుగా అమ్ముతారు. వాటిని మరల మీద తిప్పి, నొక్కి గిన్నెలు చేస్తారు. సంతలో మా అమ్మ కొన్న తపేలా అలా వచ్చిందే.

ఒక చిన్న లెక్క. ఐదు మీటర్ల స్లాబ్, అర మీటరు మందం. దాన్ని ఒక మిల్లీమీటరు రేకు చేస్తే మందం 500 రెట్లు తగ్గింది. వెడల్పు దాదాపు మారదు కాబట్టి పొడవు 500 రెట్లు పెరుగుతుంది. అంటే రెండున్నర కిలోమీటర్ల రేకు. చెక్కినది, అంచులు కోసినది తీసేస్తే కొంచెం తగ్గుతుంది. కోసిన ముక్కలు పారేయరు, మళ్లీ ఫర్నేసులోకే వెళ్తాయి.

మూడోది వేడితో బలం ఇవ్వడం. హీట్ ట్రీట్‌మెంట్. ఇది అన్ని రేకులకీ ఉండదు. రాగి కలిపినవి, జింకు కలిపినవి, మెగ్నీషియం సిలికాన్ కలిసినవి, వీటికి మాత్రమే.

మన కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. చుయ్ మంటుంది, వెంటనే గట్టిపడుతుంది. అల్యూమినియం అలా కాదు. సుమారు 530 డిగ్రీలకి వేడి చేసి నీళ్లలో ముంచితే వెంటనే మెత్తగానే ఉంటుంది. తర్వాత మెల్లగా దానంతటదే గట్టిపడుతుంది.

దీన్ని 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన కనిపెట్టాడు. అల్యూమినియంలో 4 శాతం రాగి, కొంచెం మెగ్నీషియం కలిపి, వేడి చేసి, నీళ్లలో ముంచాడు. అప్పుడు కొలిస్తే పెద్ద బలం లేదు. రెండు రోజులు పోయాక మళ్లీ కొలిస్తే బాగా గట్టిపడి ఉంది. ఎవరూ ఏమీ చేయలేదు, బల్ల మీద పడి ఉంది అంతే. ఆ లోహానికే డ్యూరాలుమిన్ అని పేరొచ్చింది. జర్మనీ యుద్ధానికి వాడిన జెప్పెలిన్ గాలి ఓడల అస్థిపంజరం దానితోనే చేశారు. ఎందుకు గట్టిపడిందో చెప్పడానికి శాస్త్రవేత్తలకి ఇంకో పదేళ్లకి పైగా పట్టింది.

ఎందుకో మనకి తెలిసిన దానితో చెప్తా. మనం తెచ్చిన తేనె చలికాలంలో గడ్డకడుతుంది కదా. తేనెలో కరిగి ఉన్న చక్కెర మెల్లగా విడిపోయి పలుకులవుతుంది. వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. లోహంలో కూడా ఇంతే. 530 డిగ్రీల దగ్గర మెగ్నీషియం, సిలికాన్ అల్యూమినియంలో పూర్తిగా కరిగిపోతాయి. ఒక్కసారి నీళ్లలో ముంచితే విడిపోయే సమయం దొరక్క లోపలే చిక్కుకుపోతాయి. తర్వాత 170 డిగ్రీల చుట్టూ కొన్ని గంటలు ఉంచితే కంటికి కనపడనంత సన్నని పలుకులుగా విడిపోతాయి. లోహం వంగాలంటే దాని పొరలు జారాలి. ఈ పలుకులు అడ్డుపడతాయి, జారనివ్వవు. అదే బలం. ఈ పలుకుల కోసం ఉంచడాన్ని ఏజింగ్ అంటారు. 6061 అనే మిశ్రమం ఉంది. మెత్తగా ఉన్నప్పటి కంటే ఈ పని అయ్యాక దాని బలం దాదాపు రెండున్నర రెట్లు. బరువు మాత్రం ఉక్కులో మూడో వంతే.

ఎక్కువసేపు ఉంచితే? పలుకులు పెద్దవై, దూరం దూరం అయిపోయి బలం మళ్లీ తగ్గుతుంది. కార్ల కంపెనీలు ఇంకో తెలివైన పని చేస్తాయి. మెత్తగా ఉన్నప్పుడే రేకుని కొని, తలుపు ఆకారంలో నొక్కి, రంగు వేసి, రంగు ఆరడానికి ఓవెన్‌లో పెడతాయి కదా, ఆ వేడికే రేకు గట్టిపడుతుంది. ఒక్క వేడితో రెండు పనులు.

ఇదీ మిత్రులారా, కొండ రేకు అయ్యే దారి.

ఇప్పుడు లెక్క తీద్దాం. మన 10 టన్నుల స్లాబ్ ఒక్కటి. దానికి కనీసం 40 టన్నుల బాక్సైట్. అంటే నాలుగు లారీల కొండ. దాదాపు 20 టన్నుల అల్యూమినా, ఇంచుమించు అంతే ఎర్ర బురద. కరెంటు లక్షా 40 వేల యూనిట్లు. నెలకి 100 యూనిట్లు కాల్చే ఇల్లనుకుంటే 116 ఇళ్లకి ఏడాది పొడవునా సరిపోయే కరెంటు. మీ గూడెంలో ఎన్ని ఇళ్లు? ఒక్క దిమ్మకే ఇది. కరెంటు ఎక్కడిది అని కూడా అడగండి. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు 1955లో మొదలైంది. మన కొండల నీళ్లతో కరెంటు తీశారు, ముంపుకి మన ఊళ్లు పోయాయి. ఆ కరెంటు వెలుగు మన గూడేలకి ఎన్నేళ్లకి వచ్చిందో మీ ఇంట్లో పెద్దల్ని అడగండి.

మరి ధర ఎక్కడ పెరుగుతుంది? బాక్సైట్ రాయిగా ఉన్నప్పుడు అతి తక్కువ. అల్యూమినా అయ్యాక కొంచెం. లోహం అయ్యాక ఎక్కువ. మిశ్రమం కలిపి, రేకు ఒత్తి, వేడితో బలం ఇచ్చాక ఇంకా ఎక్కువ. విమానానికి పనికొచ్చే రేకైతే చెప్పక్కర్లేదు. గుంట పడేది అతి తక్కువ ధర ఉన్న చోట. లాభం వచ్చేది గుంటకి దూరంగా. 2019లో నాల్కో, హైదరాబాద్ మిధాని కలిసి రక్షణ రంగానికి, విమానాలకి కావాల్సిన అల్యూమినియం మిశ్రమాల కోసం ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగం అనే ఉమ్మడి కంపెనీ పెట్టాయి. ఆ ఫ్యాక్టరీకి ఎంచుకున్న చోటు నెల్లూరు జిల్లా. తప్పని అనడం లేదు. రేకు చేసే చోటు గని దగ్గర ఉండక్కర్లేదు అని చెప్తున్నా. గని వస్తే మన ఊళ్లో ఫ్యాక్టరీ వస్తుంది, ఉద్యోగాలొస్తాయి అని ఎవరైనా చెప్తే ఈ మాట గుర్తు చేసుకోండి.

ఉద్యోగాల మాట కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. నేను చూసిన కోల్డ్ మిల్లుని ఒక షిఫ్టులో నలుగురు నడిపేవాళ్లు, గాజు గదిలో కూర్చుని. వాళ్లు ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చదివినవాళ్లు. మన ప్రాంతాల మనుషులు కూడా ఉన్నారు. ఎక్కడ? ఫర్నేసు దగ్గర. తెట్టు గీకే పని, తుక్కు మోసే పని. కాంట్రాక్టు కింద.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

వానాకాలం. తుక్కు కట్టలు యార్డులో ఆరుబయట ఉండేవి. కరిగిన లోహం కింద నీటి చుక్క చిక్కిందంటే అది ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. మరిగే నూనెలో నీళ్లు పడితే ఎలా చిటపటలాడుతుందో తెలుసు కదా, దానికి వంద రెట్లు. అందుకే తడి తుక్కుని ఎండబెట్టి, వేడి చేశాకే ఫర్నేసులో వేయాలి. ఇది మెటలర్జీలో మొదటి సంవత్సరం పాఠం. ఆ రోజు కట్టల కింద నీళ్లు కారుతున్నాయి. నేను చూశాను. సూపర్‌వైజర్ తొందర పడుతున్నాడు. నేను ట్రైనీని. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. పేలింది. పెద్దది కాదు, కానీ కరిగిన లోహం చిమ్మి ఒక కాంట్రాక్టు కుర్రాడి మెడ మీద, చేతి మీద పడింది. సరిహద్దు అవతలి ఊరివాడు, మనవాడే. ఒంటి మీద సరైన కోటు కూడా లేదు. బతికాడు. చెయ్యి పూర్తిగా ముడవలేడు. రిజిస్టర్‌లో అతని అజాగ్రత్త అని రాశారు. ఆ రాత కూడా నేను చూశాను. అప్పుడు కూడా మాట్లాడలేదు.

నాకు తెలుసు. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన మనవాడిని నేనొక్కడినే. తెలిసీ మాట్లాడకపోతే చదువు దేనికి? ఆ తర్వాత కొన్నాళ్లకి ఉద్యోగం మానేసి వచ్చాను. అందుకే ఇక్కడ నిలబడి ఈ డిగ్రీలన్నీ, ఈ టన్నులన్నీ మీకు చెప్తున్నా. ఫ్యాక్టరీలకి పోవద్దు అని నేను అనను. ఇంట్లో అప్పు ఉన్నవాడికి ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. పోతే తెలుసుకుని పొండి. తుక్కు తడిగా ఉందో లేదో చూడండి. కోటు, బూటు, ముఖానికి అడ్డు ఇవ్వనిదే ఫర్నేసు దగ్గరకి వెళ్లకండి. చదవగలిగిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఐటీఐ, డిప్లొమా చదవండి. గాజు గదిలో మన మనిషి ఉంటే ఫర్నేసు దగ్గరున్న మన మనిషికి ధైర్యం. ఆ మనిషి నాలాగా నోరు మూసుకోకపోతేనే సుమా.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్న. గిన్నె వాడతాం కాబట్టి కొండ ఇవ్వాలా?

మొదటి మాట. మన ఇంట్లో సిల్వర్ సామాను మొత్తం కలిపితే ఎన్ని కేజీలు? పాతబడితే పారేస్తామా? పాత సామాన్లవాడికి వేసి కొత్తది తెచ్చుకుంటాం. ఆ పాత గిన్నె కరిగి మళ్లీ గిన్నె అవుతుంది. తుక్కు నుంచి అల్యూమినియం తీయడానికి బాక్సైట్ నుంచి తీసేదాంట్లో సుమారు 5 శాతం శక్తి చాలు. ఎందుకంటే అంత కరెంటు తాగే పని ముందే అయిపోయింది, ఇక కరిగించడమే మిగిలింది. కాబట్టి వాడకం వల్ల మాట పడాల్సి వస్తే ముందు మనం కాదు, వాడి పారేసేవాళ్లు.

రెండో మాట. తుక్కు ఒక్కటే చాలదు అంటారు. అదీ నిజమే. వాడకం ఏటేటా పెరుగుతోంది, రకరకాల మిశ్రమాల తుక్కు కలిసిపోతే దాంతో మంచి రేకు రాదు, వేరు చేయాలి. ఒప్పుకుందాం. మన వాదన అల్యూమినియం వద్దు అని కాదు. ఏ కొండ, ఎవరి అనుమతితో, ఏ నీటిని పోగొట్టి, ఎవరి లాభానికి అన్నదే మన ప్రశ్న. గిన్నె కొన్నప్పుడు మనం డబ్బులిచ్చి కొన్నాం. కొండ తీసుకునేవాడు కనీసం అడగాలి కదా.

అడగాలి అని మనం ఊరికే అనడం లేదు. సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. గని తవ్వేచోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ఆదివాసీల కోసం పెట్టాలని కూడా చెప్పింది. దాన్ని తప్పించుకోవడానికి ప్రభుత్వ సంస్థ పేరున తవ్వి ప్రైవేటు రిఫైనరీలకి ఇచ్చే దారి చూశారు. 2015లో 97 నంబరు జీవో వచ్చింది. మన్యమంతా కదిలింది. 2019లో అది రద్దయింది. నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. ఇటు కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో 2000 డిసెంబర్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అడగడం ఇంత ఖరీదైన పని. అందుకే తెలిసి అడగాలి.

రేపు మీ గ్రామసభకి ఎవరైనా అధికారి కాగితాలు పట్టుకుని వస్తే ఈ ప్రశ్నలు అడగండి. ఎన్ని టన్నులు తవ్వుతారు, ఎన్నేళ్లు? రిఫైనరీ ఎక్కడ, ఎర్ర బురద ఎక్కడ నిల్వ చేస్తారు, కింద ఏ గెడ్డ ఉంది? నీళ్లు ఎక్కడివి, కరెంటు ఎక్కడిది? లోహం ఎక్కడ పోత పోస్తారు, రేకు ఎక్కడ ఒత్తుతారు, ఆ పనుల్లో మా పిల్లలకి ఎన్ని పర్మినెంట్ ఉద్యోగాలు, ఏ చదువుకి? తవ్విన కొండని మళ్లీ నీళ్లు పట్టేలా ఎవరు చేస్తారు? జవాబులు నోటితో తీసుకోకండి, రాతలో తీసుకోండి. తీర్మానం పుస్తకంలో రాయించండి. మన భాషలో చదివి వినిపించమనండి.

చివరిగా తాత సంగతి. కిందటి నెల ఊరెళ్లినప్పుడు ఆయన పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. తేనె గడ్డకట్టడం దగ్గర తలూపాడు, కమ్మరి కొడవలి దగ్గర రెండుసార్లు అడిగాడు. 40 టన్నులు అంటే నాలుగు లారీలు తాతా అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఇది మొన్నే సెప్పుంటే అప్పుడు ఆ ఆపీసరుని నేనే అడిగుండును గదరా."

మిత్రులారా, ఆయనకి చదువు లేదు, ప్రశ్న ఉంది. మనకి చదువు ఉంది. మీ ఊళ్లో కూడా అలాంటి తాత, అలాంటి అమ్మమ్మ ఉంటారు. ఈ వారం వాళ్ల పక్కన కూర్చోండి. ఒక సిల్వర్ గిన్నె చేతిలో పట్టుకుని ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. మీకు తెలిసినంత చెప్పండి, వాళ్లు అడిగింది రాసుకోండి. వచ్చే తరగతికి ఆ ప్రశ్నలు పట్టుకుని రండి. వాటి మీద కూర్చుందాం.

జోహార్. జై ఆదివాసీ.